సీప్యాప్ మాస్క్, పడుకునే తీరు

నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా ఉన్నవారికి రాత్రంతా మాస్క్ గుండా గాలిని ఒత్తిడితో పంపి, గొంతు మూసుకోకుండా చూసే యంత్రం సీప్యాప్. ఆస్ట్రేలియా వైద్యుడు కొలిన్ సలివన్ బృందం 1981లో ఈ చికిత్సను ప్రకటించింది. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి చాలామందికి జబ్బు ముదురుతుంది. పక్కకు తిరిగితే ఊపిరి తేలిక, కానీ దిండు మాస్క్‌ను నెట్టేసి గాలి కళ్లలోకి కొడుతుంది. అప్పుడు పట్టీలు ఇంకా బిగించడం మామూలు పొరపాటు: ముక్కుదూలం ఒరుసుకుపోతుందే తప్ప లీకు ఆగదు. మాస్క్ దిండు అంచు దాటి ఉండేలా పడుకోవాలి, మాస్క్‌కు గాలి తెచ్చే గొట్టాన్ని తల మీదుగా తిప్పుకోవాలి. గడ్డమూ లీకుకు కారణమే. తిరుపతి, చిత్తూరు వైపు వెంకన్న మొక్కుకు గడ్డం పెంచినవారికి ఈ తంటా తప్పదు. తిరుమల కల్యాణకట్టలో మొక్కు తీరాక మాస్క్ ముఖానికి అతుకుతుంది, గుండు మీద పట్టీలు మాత్రం మళ్లీ సరిచేసుకోవాలి.