గోడ కింది కుండపెంకులు

జింబాబ్వే దేశం దక్షిణ భాగాన, మస్వింగో పట్టణానికి చేరువలో, సున్నం గాని అడుసు గాని వాడకుండా గ్రానైటు రాళ్లు పేర్చి కట్టిన గోడలున్నాయి. పెద్ద ప్రాకారం చుట్టుకొలత సుమారు 250 మీటర్లు, ఎత్తు కొన్నిచోట్ల 11 మీటర్లు. 11వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా ఎదిగిన ఈ నగరమే గ్రేట్ జింబాబ్వే. కట్టినవారు నేటి షోనా ప్రజల పూర్వీకులు. ఇంత చిన్న మాట నిలదొక్కుకోవడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

1871లో ఇక్కడికి వచ్చిన జర్మన్ అన్వేషకుడు కార్ల్ మౌఖ్, గుమ్మం పైదూలం చెక్క తన పెన్సిలు చెక్కలా వాసన వేస్తోందని, కనుక అది లెబనాన్ దేవదారేనని, కట్టించింది బైబిల్లోని షేబా రాణి అయి ఉంటుందని ఊహించాడు. బ్రిటిష్ వలసవాద నాయకుడు సెసిల్ రోడ్స్ అండతో 1891లో తవ్విన థియొడోర్ బెంట్ దీన్ని అరేబియా వాళ్ల పనిగా తేల్చాడు. 1902 నుంచి శిథిలాల బాధ్యత చూసిన రిచర్డ్ హాల్ పై పొరలను తర్వాతి ఆఫ్రికన్లు వదిలిన చెత్తగా భావించి తోడి పారబోయించాడు. తప్పుడు ఊహను ఎప్పటికైనా దిద్దుకోవచ్చు. పారబోసిన పొరను మళ్లీ పేర్చలేం. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

1905లో పురావస్తు శాస్త్రవేత్త డేవిడ్ రాండల్-మక్ఐవర్ ఇది ఆఫ్రికన్ల కట్టడమే అన్నాడు. అక్కడ స్థిరపడిన శ్వేత వలసదారులు ఒప్పుకోలేదు. 1929లో మరో పురావస్తు శాస్త్రవేత్త గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్ వాదన జోలికి పోకుండా, ఇంకా ఎవరూ చెదరగొట్టని చోటు వెతికి తవ్వింది. ఆమె తర్కం సులువైనది. చెదరని గచ్చు కింద, పునాది కింద చిక్కిన వస్తువు ఆ గోడ కంటే తర్వాతిది కాలేదు. అక్కడ చిక్కినవి స్థానిక కుండపెంకులు. వాటితోపాటు దొరికిన గాజుపూసలను భారతదేశపు పూసలతో పోల్చి కాలాన్ని అంచనా వేశారు. చైనా పింగాణీ ముక్కలు, తూర్పు తీరంలోని కిల్వా సుల్తాను నాణెం కూడా ఈ శిథిలాల్లో దొరికాయి. బంగారం తీరానికి వెళ్లేది, సరుకులు లోపలికి వచ్చేవి. వ్యాపారానికి ఆనవాళ్లు ఇవి, పరాయి మేస్త్రీలకు కావు. ఆంధ్రదేశంలో రోమన్ నాణేలు దొరికాయని అమరావతి స్తూపాన్ని రోమన్లు కట్టారని ఎవరూ అనరు కదా.

అయినా అప్పట్లో రొడీషియా అనే పేరున్న ఈ దేశపు శ్వేత ప్రభుత్వం 1965 తర్వాత ఈ నిజం మీద ఒత్తిడి పెంచింది. స్మారక చిహ్నాల శాఖలో పనిచేసిన పురావస్తు శాస్త్రవేత్త పీటర్ గార్లేక్ ఆ ఒత్తిడి నడుమే 1970లో దేశం విడిచాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ గోడలు కట్టినవారు తమను ‘నల్లవారు’ అనుకున్నారనడానికి ఆధారం లేదు. ఖండాలు దాటిన ఆ ఉమ్మడి గుర్తింపు బానిస వ్యాపారం, వలస పాలన నడుమ గట్టిపడింది. కానీ వలసవాదులు కాదన్నది ఒక్క షోనాల ప్రతిభను కాదు, నల్లవాళ్లెవరికీ అంత చేతకాదన్నారు. నిందను అందరి మీదా మోపారు కాబట్టే జవాబు కూడా అందరిదైందని నా అభిప్రాయం. 1960ల తొలినాళ్ల విముక్తి పార్టీలు జాపు, జాను తమ పేర్లలోకి ‘జింబాబ్వే’ను తెచ్చుకున్నాయి. 1980లో దేశానికే ఆ పేరు వచ్చింది.

గర్వం కోసం లెక్కలు పెంచనక్కర్లేదు. నగర జనాభా 18,000కు పైనేనని చాలాకాలం రాశారు. 2017లో పురావస్తు శాస్త్రవేత్త షాడ్రెక్ చిరికురే బృందం 10,000 దాటి ఉండదని వాదించింది. చిరికురే జింబాబ్వే వాడే. సొంత గతాన్ని అంత నిక్కచ్చిగా కొలవగలగడం నాకు ఆత్మగౌరవంగానే కనిపిస్తుంది.

అక్కడ దొరికిన సబ్బురాతి పక్షి ఇప్పుడు జాతీయ జెండా మీద ఉంది. ఆ శిథిలాల పక్కనే బతికే నెమన్వా, చారుంబిరా వంశాల పెద్దలు మాత్రం, అక్కడ తమ పూర్వీకులకు క్రతువులు జరుపుకునే హక్కు కోసం స్వాతంత్ర్యం వచ్చాక కూడా అడుగుతూనే ఉండాల్సి వచ్చింది.