సాంకేతిక సంగమం: కానన్ ఉదాహరణ

వేర్వేరు పరిశ్రమల హద్దులను సాంకేతికత చెరిపేసినప్పుడు, తన విభాగాల్లో చెదిరి ఉన్న పరిజ్ఞానాన్ని కంపెనీ ఎలా కలుపుకుంటుందనేదానికి జపాన్‌కు చెందిన కానన్ చరిత్ర మంచి ఉదాహరణ.

1933లో టోక్యోలోని రొప్పొంగిలో ఇది చిన్న కెమెరా ప్రయోగశాలగా మొదలైంది. తొలి కెమెరాలకు లెన్సులు కూడా నిప్పన్ కొగాకు (నేటి నికాన్) ఇచ్చినవే. 1950ల చివర కానన్ తెచ్చిన సింక్రోరీడర్ అనే ధ్వని యంత్రం అమ్ముడుపోలేదు. కానీ దానికోసం చేర్చుకున్న ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్లను కంపెనీ వదులుకోలేదు. 1964లో కానోలా 130 కాలిక్యులేటర్ రావడానికి ఆ అనుభవమే పునాది. నష్టంలోంచి మిగుల్చుకున్న ఆ మనుషులే కానన్ అసలు లాభం అనాలి.

ఫొటోకాపీ రంగం అప్పటికి జిరాక్స్ పేటెంట్ల కోటలో ఉంది. కానన్ వాటిని తప్పించుకునే సొంత పద్ధతిని రూపొందించి, 1970లో ఎన్‌పీ-1100 కాపీయర్‌ను తెచ్చింది. అంతకు ముందు ఏడాదే తన పేరులోంచి 'కెమెరా' అన్న మాట తీసేసింది. 1976లో ఏఈ-1 కెమెరాలోకి మైక్రోప్రాసెసర్ చేరింది.

అసలు పరీక్ష చిన్న కాపీయర్‌తో వచ్చింది. చిన్న ఆఫీసులకు మెకానిక్‌ను పదేపదే పిలిపించుకునే స్తోమత ఉండదు. మరమ్మతుల్లో ఎక్కువ భాగం, కాగితంపైకి వెళ్ళే బొమ్మను ఏర్పరిచే డ్రమ్ము చుట్టూనే తిరిగేవి. పరిశోధన, ఉత్పత్తి, అమ్మకాల వాళ్ళు ఒకే బృందంగా కూర్చుని, డ్రమ్మును టోనర్‌తో కలిపి మార్చుకునే కార్ట్రిడ్జ్‌గా చేశారు. అయితే పారేసే వస్తువు చవగ్గా ఉండాలి. బృంద నాయకుడు హిరోషి తనాకా ఒకనాడు బీరు తెప్పించి, ఈ అల్యూమినియం డబ్బా చేయడానికి ఎంతవుతుందని అడిగాడట. మేనేజ్‌మెంట్ పండితులు నొనాకా, తకెఉచి 1995 నాటి తమ పుస్తకంలో ఈ ముచ్చట చెప్పారు. చవక డ్రమ్ము ఆలోచనకు అది దారి చూపింది. 1982లో పీసీ-10 వచ్చింది. అదే కార్ట్రిడ్జ్ పద్ధతి లేజర్ ప్రింటర్లకూ పాకింది. 1984 నాటి హ్యూలెట్-ప్యాకర్డ్ లేజర్‌జెట్ లోపలి యంత్రం కానన్‌దే.

ప్రతి కలయికా ఫలించలేదు. తోషిబాతో కలిసి తలపెట్టిన ఎస్‌ఈడీ అనే కొత్త రకం టీవీ తెరలు ఎల్‌సీడీల ధరల ముందు నిలవలేకపోయాయి. ఆ పథకాన్ని కానన్ 2010లో విరమించుకుంది.