పేరులో దాచుకున్న మాట

కూతుర్ని హాస్టల్లో దింపి వచ్చిన రాత్రి మనకి అన్నం సహిస్తుందా? అలాంటిది, 11 ఏళ్ల పిల్లని 10 ఏళ్ల చదువుకని సముద్రం దాటించిన ఓ జపాను తల్లి కథ చదివి నాకు చాలాసేపు మాట రాలేదు.

1871లో జపాను ప్రభుత్వం అయిదుగురు ఆడపిల్లల్ని అమెరికా పంపింది. వాళ్లలో సకికో ఒకతె. బయల్దేరేముందు తల్లి ఆమె పేరు మార్చేసింది - సుతేమత్సు అని. 'సుతే' అంటే వదులుకోవడం. 'మత్సు' అంటే పైన్ చెట్టు, ఎదురుచూడటమనీ వినిపిస్తుంది. నిన్ను వదులుకుంటున్నాను, అయినా నీకోసం ఎదురుచూస్తుంటాను అనన్నమాట!

న్యూహేవెన్‌లో ఓ పాదిరీగారింట్లో ఉంటూ, ఆ ఊరి సర్కారు హైస్కూలు హిల్‌హౌస్‌లో అమెరికా పిల్లల సరసన చదివింది. 1882లో వాసర్ కాలేజీలో పట్టా పుచ్చుకుంది. కాలేజీ పట్టా అందుకున్న తొలి జపాను స్త్రీ ఆమే.

తీరా ఇంటికొచ్చేసరికి సొంత భాష చదవడం, రాయడం రాదు! ఉద్యోగం కుదరలేదు. అలాగని ఊరుకుందా? తనతో వెళ్లిన త్సుదా ఉమెకో 1900లో టోక్యోలో ఆడపిల్లలకి ఇంగ్లీషు బడి పెడితే అండగా నిలిచింది.

ఆ తల్లి ఎదురుచూసిన పిల్ల పూర్తిగా తిరిగి రాలేదేమో. కానీ ఇంకెందరో తల్లులకి కూతుళ్లని వదులుకునే పని తప్పింది.