మొగల్తూరుకి తొమ్మిది ప్రశ్నార్థకాలు

సొంతంగా కెర్నెల్ కంపైల్ చేసుకునే అలవాటున్న వాళ్ళకి రెండు రకాల మౌంట్ కష్టాలు తెలిసే ఉంటాయి. మొదటిది, రూట్ ఫైల్ సిస్టమ్ దొరకలేదంటూ బూట్‌లోనే కెర్నెల్ పానిక్. ఎక్స్‌ట్3ని మాడ్యూల్‌గా పెట్టి ఇనిట్‌ఆర్‌డీ లేకుండా లేపితే జరిగేది అదే. దాని గురించి జనాలు బోలెడు రాశారు. రెండోది, సిస్టమ్ సుబ్బరంగా లేస్తుంది, పెన్‌డ్రైవ్ మాత్రం మౌంట్ అవ్వదు. ఈ రెండోదాని వెనక ఓ చిన్న చరిత్ర ఉంది. అందులో మన తెలుగుకీ పాత్ర ఉంది కాబట్టే ఈ టపా.

1991లో దాదాపు ఒకేసారి రెండు పనులు జరిగాయి. సెప్టెంబర్లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ 0.01 బయటపెట్టాడు. అక్టోబర్లో యూనికోడ్ 1.0 మొదటి సంపుటి వచ్చింది, అందులో తెలుగు ఉంది. అంటే లినక్స్‌కీ, యూనికోడ్ తెలుగుకీ వయసు ఒకటే! మరుసటి ఏడాది కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కలిసి యూటీఎఫ్-8 తయారుచేశారు. 1995లో విండోస్ 95 పొడుగు ఫైల్ పేర్లు తెచ్చింది. ఆ పేర్లు ఫ్యాట్ డిస్కు మీద 16 బిట్ల యూనికోడ్‌లోనే ఉంటాయి. కాబట్టి డిస్కు వైపునుంచి తెలుగుకి ఏ అడ్డూ లేదు.

అడ్డంతా చదివేచోట. ఆ యూనికోడ్ పేరుని యూజర్‌కి ఏ అక్షరాల్లో చూపించాలో కెర్నెల్‌కి ఒక పట్టిక కావాలి. కాన్ఫిగ్‌లో ఫైల్ సిస్టమ్స్ కింద "నేటివ్ లాంగ్వేజ్ సపోర్ట్" అని ఓ మెనూ ఉంటుంది చూడండి, ఈ పట్టికలన్నీ అక్కడే. ఫ్యాట్‌కి డిఫాల్టుగా రెండు కావాలి: పొట్టి పేర్లకి పాత ఐబీఎం పీసీ కోడ్‌పేజ్ 437, పొడుగు పేర్లకి పశ్చిమ యూరప్ భాషల ఐఎస్ఓ 8859-1.

కెర్నెల్ సన్నబడాలని కత్తిరించేవాళ్ళు ముందు కోసేది ఈ మెనూనే. "మనకెందుకీ భాషలన్నీ" అనుకుంటారు. పట్టిక లేకపోతే మౌంట్ ఆగిపోతుంది. తెర మీద మాత్రం "తప్పు ఫైల్ సిస్టమ్ రకం, చెడ్డ ఆప్షన్, చెడ్డ సూపర్‌బ్లాక్" అంటూ ఓ దండకం. అసలు ఫ్యాట్ డిస్కు మీద సూపర్‌బ్లాక్ అనేదే ఉండదు! అది చూసి డ్రైవ్ పోయిందనుకుని ఫార్మాట్ కొట్టేసేవాళ్ళున్నారు. కెర్నెల్ లాగ్ చివరి నాలుగు లైన్లు చూస్తే ఏ పట్టిక దొరకలేదో పేరుతో సహా రాసి ఉంటుంది.

సరే, పట్టిక పెట్టాం, మౌంట్ అయింది. అసలు ప్రమాదం ఇప్పుడే మొదలు. మా ఊరి పేరే తీసుకుందాం. కృష్ణంరాజు, చిరంజీవిల ఊరంటే వేరే పరిచయం అక్కర్లేదు కదా :) "మొగల్తూరు" రాయడానికి కనిపించేవి నాలుగు అక్షరాలే. యూనికోడ్‌కి తొమ్మిది: మ, ఒత్వం, గ, ల, పొల్లు, త, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. 8859-1లో వీటిలో ఒక్కటీ లేదు. అందుకని ఆ పేరున్న ఫోల్డర్ తొమ్మిది ప్రశ్నార్థకాలుగా కనిపిస్తుంది. పక్కనున్న పాలకొల్లు కూడా లెక్కపెట్టి చూడండి, దానికీ తొమ్మిదే. రెండు ఊళ్ళూ ఒకటైపోయాయి!

పేరు వికారంగా కనిపించడంతో ఆగితే పర్లేదు. ఆ ప్రశ్నార్థకాల పేరుతో డిస్కు మీద ఏమీ లేదు కాబట్టి ఫైల్ తెరుచుకోదు, కాపీ అవ్వదు. మొత్తం డ్రైవ్ బ్యాకప్ తీస్తే ఇంగ్లీషు పేర్లున్నవన్నీ వచ్చేస్తాయి. తెలుగు పేర్లున్నవి మాత్రం వేల లైన్ల మధ్య ఓ ఎర్రర్‌గా మిగిలిపోతాయి. ఇంట్లో పెద్దవాళ్ళ ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు తెలుగు పేర్లతో దాచుకున్నవాళ్ళకి పోయేది సరిగ్గా అవే.

మందు చిన్నదే. మౌంట్ చేసేటప్పుడు యూటీఎఫ్‌8 ఆప్షన్ ఇస్తే చాలు. డిస్ట్రోల డెస్క్‌టాప్‌లు ఆ పని వాటంతటవే చేసిపెడతాయి, అందుకే మామూలు యూజర్‌కి ఈ గొడవ తెలీదు. సొంత కెర్నెల్, సొంత ఎఫ్‌స్టాబ్ రాసుకునే వాళ్ళకే తగులుతుంది. దీన్ని కెర్నెల్‌లోనే డిఫాల్ట్ చేసుకునే వీలు 2016లో వచ్చింది. అయితే అది కూడా మనం టిక్ పెట్టుకుంటేనే!

ఇందులో ఎవరి కుట్రా లేదు. ఆ డిఫాల్టులు పెట్టినప్పుడు వాడేవాళ్ళు ఎక్కువమంది యూరప్, అమెరికాల వాళ్ళు, వాళ్ళకి సరిపోయింది. ఆ తర్వాత మన తెలుగు కుర్రాళ్ళు ఎంతమంది ఈ మెనూ తెరిచి ఉంటారో! తెరిచినవాళ్ళూ "భాషలు" అని కనబడగానే తీసేయాల్సిన బరువు అనుకుంటే, డిఫాల్ట్ మార్చమని అడిగేదెవరు? ఈసారి కెర్నెల్ కట్టేముందు "మొగల్తూరు" అని ఓ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. కొత్త కెర్నెల్లో అది తెలుగులో కనబడి, తెరుచుకుంటేనే పాత కెర్నెల్ తీసెయ్యండి.