ఎకోలింక్: ఫోన్‌లోనే హ్యామ్ రేడియో.. లైసెన్సు లేకుండా మాట్లాడొచ్చా?

హ్యామ్ రేడియో మీద ఆసక్తి ఉంది. కానీ ఉండేది అపార్ట్‌మెంట్‌లో. టెర్రస్ మీద యాంటెన్నా పెడతామంటే అసోసియేషన్ ఒప్పుకోదు. అప్పుడు ఎవరో చెబుతారు.. 'ఎకోలింక్ అని ఒక యాప్ ఉంది, ఫోన్‌లోనే రేడియో మాట్లాడొచ్చు' అని. వెంటనే డౌన్‌లోడ్ చేసుకుని తెరుస్తారు. అది అడిగే మొదటి ప్రశ్న.. మీ కాల్‌సైన్ ఏంటి?

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కొందరు తెలిసినవాళ్ల కాల్‌సైన్ పెట్టి లోపలికి వెళ్లాలని చూస్తారు. అది తప్పు మాత్రమే కాదు, ఆ కాల్‌సైన్ అసలు యజమానికి తలనొప్పి తెచ్చే పని కూడా. ఎకోలింక్ ఎలా పనిచేస్తుంది? లైసెన్సు ఎలా తెచ్చుకోవాలి? తుపాను వచ్చినప్పుడు ఇది ఎంతవరకు పనికొస్తుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ఎకోలింక్ అంటే ఏంటి?

వ్యాపారం కోసం కాకుండా, ఆసక్తితో, ప్రభుత్వ లైసెన్సు తీసుకుని రేడియో సెట్ల ద్వారా మాట్లాడుకునే వాళ్లను హ్యామ్‌లు అంటారు. చేతిలో పట్టుకునే చిన్న సెట్‌తో మాట్లాడితే మాట కొద్ది కిలోమీటర్లే వెళ్తుంది. అందుకే కొండల మీద, ఎత్తైన భవనాల మీద రిపీటర్లు పెడతారు. రిపీటర్ అంటే వచ్చిన సిగ్నల్‌ను అందుకుని, బలం పెంచి మళ్లీ పంపే స్టేషన్. అయినా దాని పరిధి ఒక నగరం, దాని చుట్టుపక్కల ఊళ్లు.. అంతే.

ఈ పరిధిని ఇంటర్నెట్‌తో దాటించే సాఫ్ట్‌వేర్ ఎకోలింక్. అమెరికాకు చెందిన హ్యామ్ జొనాథన్ టేలర్ దీన్ని తయారు చేసి 2002లో విడుదల చేశారు. విండోస్ కంప్యూటర్, ఆండ్రాయిడ్, ఐఫోన్.. మూడింటిలోనూ పనిచేస్తుంది. పూర్తిగా ఉచితం.

ఎలా పనిచేస్తుంది?

మీరు కూకట్‌పల్లిలోని ఫ్లాట్‌లో కూర్చుని ఫోన్‌లో మాట్లాడారనుకోండి. మీ గొంతును యాప్ చిన్నచిన్న డేటా ప్యాకెట్లుగా మార్చి ఇంటర్నెట్‌లో పంపుతుంది. అవతల లండన్‌లో ఒక రిపీటర్‌కు కంప్యూటర్ కలిపి ఉంటుంది. ఆ కంప్యూటర్ మీ మాటను రిపీటర్‌కు ఇస్తుంది. రిపీటర్ దాన్ని గాలిలోకి వదులుతుంది. అక్కడ కారులో వెళ్తున్న ఒక హ్యామ్ తన సెట్‌లో మీ మాట వింటాడు. ఆయన జవాబు అదే దారిలో వెనక్కి వస్తుంది.

అంటే మీ చేతిలో ఉన్నది ఫోనే అయినా, మీ మాట చివరికి బయటకొచ్చేది నిజమైన రేడియో తరంగాల మీదే. వాట్సాప్ కాల్‌కూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే.

ఇంకో తేడా కూడా ఉంది. ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడొచ్చు. ఇక్కడ ఒకరు మాట్లాడుతుంటే మరొకరు వినాలి. డేటా ఖర్చు కూడా తక్కువే. సెకనుకు సుమారు 20 కిలోబిట్లు చాలు. గంట మాట్లాడినా 10 ఎంబీకి అటూఇటూగా అవుతుంది.

కాల్‌సైన్ ఎందుకు అడుగుతుంది?

మీరు నొక్కిన బటన్‌తో మరో దేశంలో ఒక ట్రాన్స్‌మిటర్ ఆన్ అవుతుంది. ఆ ట్రాన్స్‌మిటర్ పెట్టిన వ్యక్తి తన దేశ ప్రభుత్వానికి జవాబుదారీ. అందుకే లైసెన్సు ఉన్నవాళ్లను మాత్రమే లోపలికి రానివ్వాలని ఎకోలింక్ మొదటి నుంచీ నియమం పెట్టుకుంది. లైసెన్సు పత్రం చూపి ఆమోదం పొందితేనే మీ ఖాతా పనిచేస్తుంది. మొబైల్ నంబర్, ఓటీపీతో ఈ పని జరగదు.

మన దేశంలో లైసెన్సు ఎలా?

కేంద్ర టెలికం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం, అంటే డబ్ల్యూపీసీ, ఈ లైసెన్సు ఇస్తుంది. దీనికి ఆధారం 1978 నాటి అమెచ్యూర్ సర్వీస్ నిబంధనలు.

• వయసు: 12 ఏళ్లు నిండాలి. ఇంజినీరింగ్ చదివి ఉండాల్సిన పనిలేదు.
• పరీక్ష: రెండు భాగాలు. ఒకటి రేడియో సిద్ధాంతం, రెండోది నిబంధనలు.
• రెస్ట్రిక్టెడ్ గ్రేడ్: మోర్స్ కోడ్ అక్కర్లేదు. కాల్‌సైన్ వీయూ3తో మొదలవుతుంది.
• జనరల్ గ్రేడ్: నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ పంపడం, అందుకోవడం రావాలి. కాల్‌సైన్ వీయూ2తో మొదలవుతుంది.

కొత్తవాళ్లు రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌తో మొదలుపెట్టడం మేలు. ఎకోలింక్‌కు అది చాలు. దరఖాస్తు టెలికం శాఖ వారి సరళ్ సంచార్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే చేయాలి. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చాక పాత నిబంధనల స్థానంలో కొత్తవి వస్తున్నాయి కాబట్టి ఫీజు, కావాల్సిన పత్రాల వివరాలు దరఖాస్తు చేసే రోజునే పోర్టల్‌లో చూసుకోండి. యూట్యూబ్‌లో ఎప్పుడో చెప్పిన ఫీజును నమ్ముకోవద్దు.

పరీక్ష పాసైన మర్నాడే కాల్‌సైన్ రాదు. వెరిఫికేషన్ పూర్తి కావాలి. కొన్ని నెలలు పట్టినా కంగారు పడక్కర్లేదు.

శిక్షణ కావాలంటే తెలుగువాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో హైదరాబాద్‌లోనే ఉంది.

కాల్‌సైన్ వచ్చాక ఏం చేయాలి?

1. ఎకోలింక్ యాప్‌ను అధికారిక యాప్ స్టోర్ నుంచే తీసుకోండి.
2. కాల్‌సైన్, పాస్‌వర్డ్, పేరు, ఊరు, ఈమెయిల్ నమోదు చేయండి. ఈ పాస్‌వర్డ్ ఇంకెవరికీ ఇవ్వొద్దు.
3. ఎకోలింక్ వెబ్‌సైట్‌లోని వ్యాలిడేషన్ పేజీకి వెళ్లి లైసెన్సు స్కాన్ కాపీ అప్‌లోడ్ చేయండి. పేరు, కాల్‌సైన్, గడువు తేదీ స్పష్టంగా కనపడాలి.
4. ఆమోదం రాగానే మీకు ఒక నోడ్ నంబర్ వస్తుంది. ఎకోలింక్‌లో అదే మీ ఫోన్ నంబర్ లాంటిది.
5. కంప్యూటర్‌లో పెట్టుకుంటే సెటప్‌లో 'సింగిల్ యూజర్' ఎంచుకోండి. రెండోదైన 'సిసాప్' రేడియో సెట్‌ను కంప్యూటర్‌కు కలిపి స్టేషన్ నడిపేవాళ్ల కోసం.

జాబితాలో కనిపించే గుర్తులేంటి?

లాగిన్ కాగానే ప్రపంచవ్యాప్తంగా ఆన్‌లైన్‌లో ఉన్న స్టేషన్ల జాబితా వస్తుంది. కాల్‌సైన్ చివర 'ఆర్' ఉంటే అది రిపీటర్. 'ఎల్' ఉంటే రిపీటర్ కాని రేడియో లింక్. ఏ అక్షరమూ లేకపోతే మీలాగే ఫోన్ లేదా కంప్యూటర్ ముందున్న వ్యక్తి. పేరుకు రెండు వైపులా నక్షత్రం గుర్తు ఉంటే అది కాన్ఫరెన్స్.. అంటే ఒకేసారి చాలామంది కలిసే గది.

తొలి కాల్ ఎవరికి?

మనిషికి కాదు, మెషీన్‌కు చేయండి. 9999 నంబర్‌లో 'ఎకోటెస్ట్' ఉంటుంది. మీరు మాట్లాడింది రికార్డు చేసి తిరిగి మీకే వినిపిస్తుంది. గొంతు పగిలిపోతోందా, మరీ చిన్నగా ఉందా, వెనక ఫ్యాన్ చప్పుడు వస్తోందా.. అన్నీ తెలిసిపోతాయి.

తర్వాత ఒక రిపీటర్‌కు కనెక్ట్ అవ్వండి. వెంటనే మాట్లాడొద్దు. ఒక నిమిషం వినండి. అక్కడ ఎవరైనా మాట్లాడుకుంటూ ఉండొచ్చు. ఖాళీగా ఉందనిపిస్తే బటన్ నొక్కి, రెండు సెకన్లు ఆగి మొదలుపెట్టండి. దారిలో ఉన్న పరికరాలన్నీ ఆన్ కావడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. ఆగకపోతే మీ కాల్‌సైన్‌లో మొదటి సగం ఎవరికీ వినపడదు.

కాల్‌సైన్‌ను అక్షరం అక్షరంగా చెప్పాలి. 'వీయూ3' అయితే 'విక్టర్ యూనిఫాం త్రీ' అని మొదలుపెట్టి మిగతా అక్షరాలనూ అలాగే చెప్పండి. పేరు, ఊరు చెప్పి బటన్ వదిలేయండి. అవతలివాళ్లు ముగించాక కూడా ఒకట్రెండు సెకన్లు ఆగాలి. ఆ సందులోనే అక్కడి స్థానిక హ్యామ్ ఎవరైనా అత్యవసరంగా మధ్యలోకి రాగలుగుతారు. వీడ్కోలుకు 'సెవెంటీ త్రీ' అంటారు. శుభాకాంక్షలు అని దాని అర్థం.

లాగిన్ అవుతోంది, కనెక్ట్ కావడం లేదు.. ఎందుకు?

ఎక్కువమందికి ఎదురయ్యే సమస్య ఇది. ఎకోలింక్ యూడీపీ 5198, 5199 పోర్టులను, టీసీపీ 5200 పోర్టును వాడుతుంది. ఇంటి వైఫై రౌటర్, ఆఫీసు ఫైర్‌వాల్ వీటిని అడ్డుకోవచ్చు. మొబైల్ డేటాలో వేలమంది ఒకే ఐపీ అడ్రస్ వెనక ఉంటారు కాబట్టి బయటి నుంచి వచ్చే ప్యాకెట్ మీ ఫోన్ దాకా చేరదు.

ఆండ్రాయిడ్ యాప్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి కనెక్షన్ పద్ధతిని 'రిలే'కు మార్చండి. పనిచేయకపోతే 'పబ్లిక్ ప్రాక్సీ' ప్రయత్నించండి. ఎక్కువమందికి ఇక్కడితో సమస్య తీరుతుంది. కంప్యూటర్‌లో అయితే రౌటర్‌లో రెండు యూడీపీ పోర్టులను మీ కంప్యూటర్‌కు ఫార్వర్డ్ చేయాలి, లేదా ప్రాక్సీ పెట్టుకోవాలి.

ఏం చేయకూడదు?

• వ్యాపార సంభాషణలు, ప్రకటనలు వద్దు.
• పాటలు వినిపించకూడదు. వెనక టీవీ మోగుతుంటే ముందు దాన్ని ఆపండి.
• రహస్య భాష, కోడ్ మాటలు నిషిద్ధం. హ్యామ్ రేడియోలో మాట్లాడేది ఎవరైనా వినొచ్చు. బ్యాంకు వివరాలు, ఇంటి అడ్రస్ చెప్పకండి.
• మీ ఖాతాను స్నేహితుడికి ఇవ్వొద్దు. గాలిలో వినిపించేది మీ కాల్‌సైన్. ఏదైనా తేడా వస్తే అడిగేది మిమ్మల్నే.
• ఇంట్లోని రేడియో సెట్‌ను ఇంటర్నెట్‌కు కలిపి సొంతంగా లింక్ నడపడం, యాప్ వాడటం ఒకటి కాదు. దానికి అనుమతి సంగతి ముందే డబ్ల్యూపీసీతో రాతపూర్వకంగా తేల్చుకోండి.

తుపాను వస్తే ఎకోలింక్ పనికొస్తుందా?

హ్యామ్ రేడియో అనగానే విపత్తులే గుర్తొస్తాయి కాబట్టి ఈ ప్రశ్న చాలామందికి వస్తుంది. నిజం చెప్పాలంటే, దెబ్బతిన్న ఊళ్లో ఎకోలింక్ మీద ఆధారపడలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. అలాంటి రోజున ఇంటర్నెట్ కావాల్సిన ఏ యాప్ అయినా ఒకటే.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి. హైదరాబాద్‌లోని హ్యామ్ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో రేడియో స్టేషన్ నడుపుతోంది. భూకంపం తర్వాత అండమాన్‌కు మామూలు కమ్యూనికేషన్లు దెబ్బతింటే, ఆ బృందం తమ సెట్ల ద్వారా ప్రధాన భూభాగానికి సమాచారం అందించింది. అక్కడ పనిచేసింది బ్యాటరీ, యాంటెన్నా, సెట్. వాటికి మధ్యలో టవర్ గానీ, కేబుల్ గానీ అక్కర్లేదు.

అలాగని ఎకోలింక్ వృథా కాదు. దెబ్బతిన్న ప్రాంతం అంచున, ఇంటర్నెట్ ఇంకా ఉన్న చోట ఒక హ్యామ్ ఉంటే చాలు. లోపలి నుంచి రేడియోలో వచ్చిన కబురును దూరంగా ఉన్నవాళ్లకు ఎకోలింక్‌లో చేరవేయగలరు. అంతకంటే ముఖ్యంగా, క్రమశిక్షణగా మాట్లాడటం, సందేశాన్ని పొల్లుపోకుండా రాసుకోవడం అలవాటు చేసుకోవడానికి ఇది మంచి సాధన. కానీ ఆపదలో పనికిరావాలన్నది మీ ఉద్దేశమైతే లైసెన్సుతో పాటు చేతిలో పట్టే ఒక సెట్, ఛార్జ్ చేసిన బ్యాటరీ కూడా సిద్ధంగా ఉండాలి. మన దేశంలో ఇలాంటి సెట్లతో 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య మాట్లాడతారు. సెట్ కొనేది కూడా లైసెన్సు వచ్చాకే.

విదేశాల్లో ఉన్న మనవాళ్లతో మాట్లాడొచ్చా?

మాట్లాడొచ్చు. అయితే ఇద్దరికీ లైసెన్సు ఉండాలి. అమెరికాలో ఉన్న మీ అన్నయ్యో, అక్కయ్యో అక్కడి టెక్నీషియన్ పరీక్ష రాయొచ్చు. 35 ప్రశ్నలకు 26 సరిగ్గా రాస్తే పాస్. మోర్స్ అవసరం లేదు. అమెరికా పౌరసత్వం కూడా అక్కర్లేదు, అక్కడ ఉత్తరాలు అందుకునే చిరునామా ఉంటే చాలు. తెలుగులో మాట్లాడుకోవచ్చు, కాల్‌సైన్ మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో చెప్పాలి. ఇంటి గొడవలు మాత్రం ఫోన్‌లోనే మాట్లాడుకోండి. ఇక్కడ వినేవాళ్లు ఎక్కువ.

లైసెన్సు లేకపోతే ఇప్పుడేం చేయాలి?

ముందు వినండి. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం వెబ్‌ఎస్‌డీఆర్ పేరుతో ఒక రేడియో రిసీవర్‌ను ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచింది. బ్రౌజర్‌లో తెరిచి ఫ్రీక్వెన్సీ తిప్పుతూ పోతే యూరప్ హ్యామ్‌ల మాటలు, మోర్స్ చప్పుళ్లు వినిపిస్తాయి. ఖాతా అక్కర్లేదు, కాల్‌సైన్ అక్కర్లేదు. 7 మెగాహెర్ట్జ్, 14 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. వాళ్లు ఎలా పిలుస్తున్నారు, ఎలా ముగిస్తున్నారు గమనించండి.

వారం రోజులు విన్నా ఆసక్తి తగ్గకపోతే సరళ్ సంచార్ పోర్టల్ తెరవండి. పరీక్ష, లైసెన్సు, ఆ తర్వాతే యాప్. వరస ఇదే.