మాన్‌ఫ్రెడు కావ్యమున జారిపోయిన పంక్తి

1817వ సంవత్సరము ఆగస్టు నెలలో బైరను కవి ఇటలీనుండి లండనులోని తన ప్రచురణకర్త జాన్ మరేకు కోపముతో నొక లేఖ వ్రాసెను. జూనులో వెలువడిన 'మాన్‌ఫ్రెడు' నాటకకావ్యపు తుదిని ఒక పంక్తి లేదు. నాయకుడు ప్రాణము విడుచుచు వృద్ధ మఠాధిపతితో పలుకు కడపటి మాట యది. దానిని తొలగించుటచే కావ్యముయొక్క ఫలమును నీతియు నశించినవని కవి యభియోగము. గ్రామలెక్కలు వ్రాయువాడను గనుక, ఒక్క పద్దు జారిన జమాబందిలో నెంత రభస పుట్టునో యెరుగుదును. ఆ కోపము నాకు సబబుగనే తోచినది.

1816 ఏప్రిలులో బైరను, భార్య విడిపోగా, ఇంగ్లండును వీడెను. అప్పటికి వయస్సు ఇరువదియెనిమిది. మరల నా దేశమున కాలుమోపలేదు. సవతితల్లి బిడ్డయైన అక్క ఆగస్టాతో నతనికి తగని సంబంధము కలదని లోకము గుసగుసలాడెను. ఆ యేడు, 1815లో బ్రద్దలైన తంబోరా అగ్నిపర్వతపు ధూళిచే, ఐరోపాకు వేసవియే రాలేదు. జెనీవా సరస్సు ఒడ్డున నున్న కవికి, లూయిస్ అను మిత్రుడు గేటే 'ఫౌస్టు'ను నోటితో ఆంగ్లీకరించి వినిపించెను. సెప్టెంబరులో హాబ్‌హౌస్‌తో ఆల్ప్సు పర్వతములలో తిరుగుచు కవి దినచర్య వ్రాసెను. అందలి హిమశిఖరములును జలపాతములును కావ్యములోనికి వచ్చినవి. ఆ దినచర్య వ్రాసినది ఆగస్టాకొరకే!

కావ్యనాయకుడు ఏడు భూతములను రప్పించి, రాజ్యముగాని ధనముగాని కోరక, మరపు నొక్కదానినే యడుగును. అవి ఈయజాలవు. కొండకొమ్మునుండి దుముకబోగా నొక వేటగాడు పట్టుకొనును. అతని నేరమేమో కవి విప్పి చెప్పడు. అతని ప్రేమవలననే ఆస్టార్టి మరణించినదని మాత్రము తెలియును. పిశాచరాజైన అరిమానెస్ సభలో మోకరిల్లక నిలిచి, ఆమె ఛాయను రప్పించి, క్షమించితినను మాటకై ప్రాధేయపడును. నీ యిహలోకబాధలు రేపటితో తీరునని యామె చెప్పును. క్షమించితినని మాత్రము అనదు.

ఇతనిని గర్విష్ఠి యందురు. చాలకాలము నేనును అట్లే తలచితిని. కాని యెచ్చటను ఇతడు నేరము చేయలేదనడు. అప్పిచ్చినవాడు గాక వేరొకడు పత్రముపై చెల్లు వ్రాసిన నది చెల్లునా? ఆస్టార్టి వ్రాయని చెల్లును పిశాచములనుండిగాని మఠాధిపతినుండిగాని యితడు గొనడు.

మొదట వ్రాసిన మూడవ యంకమున బైరను మఠాధిపతిని హాస్యపాత్రను జేసెను. మరే సలహాదారుడైన గిఫర్డునకు అది నచ్చలేదు. కవియు నొప్పుకొని, 1817 మే నెలలో రోము నగరమున తిరిగి వ్రాసెను. ఈసారి మఠాధిపతి దయాళువు. హాస్యగానిని త్రోసివేయుట సులభము. కన్నీటితో వచ్చిన సాధువును కాదనుట కష్టము. మాన్‌ఫ్రెడు అతని ప్రార్థనను గ్రహింపడు, అయినను చివర నతని చేయి యడిగి పట్టుకొనును. ఇచ్చటనే ఆ పంక్తి యుండవలెను. అది లేనిచో చల్లబడిన చేయియు ముసలివాని ప్రార్థనయు మాత్రమే మిగులును. నాయకుడు తుదకు లొంగెనని చదువరి భ్రమపడవచ్చును.

తరువాతి ముద్రణములలో పంక్తి తిరిగి చేరినది. 1905లో బైరను దౌహిత్రుడు లవ్లేసు ప్రభువు ఇంటి లేఖలు బయటబెట్టి, మాతామహుని నేరము నిజమేయని ఒక గ్రంథము ప్రకటించెను. దానికి పెట్టిన పేరు 'ఆస్టార్టి'.