లండను అగ్నిమాపక దళం

ఒక ఇల్లు అంటుకున్నప్పుడు రెండు ప్రశ్నలు ఉదయిస్తాయి. మంట ఉన్న చోటికి నీరు ఎలా చేరుతుంది? దానిని చేర్చే బాధ్యత ఎవరిది? మొదటి ప్రశ్న యంత్రశాస్త్రానికి సంబంధించినది. రెండవది సంఘానికి సంబంధించినది. లండను నగరంలో మొదటిదానికి సమాధానం ముందుగానే దొరికింది. రెండవదానికి మాత్రం చాలా ఆలస్యమైంది.

1666వ సంవత్సరం సెప్టెంబరు 2వ తేదీ తెల్లవారుజామున, పుడ్డింగ్ లేన్ అనే సందులోని ఒక రొట్టెల దుకాణంలో నిప్పు పుట్టింది. నాలుగు రోజులలో అది సుమారు 13,200 ఇళ్ళనూ, 87 చర్చీలనూ బూడిద చేసింది. నీరు పోయడానికి ఆనాడు ఉన్న సాధనాలు ముఖ్యంగా తోలు బాల్చీలూ, ఇత్తడి చిమ్మనగ్రోవులూను. ఒక్కొక్క చిమ్మనగ్రోవిని ఇద్దరు పట్టుకుంటే మూడవవాడు కాడను నెట్టేవాడు. ఒకసారికి ఒక గాలను, అనగా నాలుగున్నర లీటర్ల నీరు పడేది. ఇంత పెద్ద మంటకు అది ఏ మూలకు? అందుచేత మంటకు ఎదురుగా ఉన్న ఇళ్ళను కొక్కేలతో లాగి, చివరకు తుపాకిమందు పెట్టి పేల్చి, నిప్పుకు ఆహారం లేకుండా చేయవలసి వచ్చింది.

నీటి ధార తెగకుండా

ఆ తరువాత యంత్రాలు మెరుగుపడ్డాయి. 1672 ప్రాంతంలో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో యాన్ వాన్ డెర్ హైడెన్ అనే చిత్రకారుడు తోలుతో పొడవైన గొట్టాలు కుట్టించాడు. దానితో యంత్రాన్ని వీధిలో ఉంచి, ధారను ఇంటిలోనికి తీసుకుపోవడానికి వీలు కలిగింది.

మామూలు పంపులో ఒక లోపం ఉంది. కాడను కిందికి నొక్కినప్పుడు నీరు వస్తుంది. పైకి ఎత్తినప్పుడు ఆగిపోతుంది. లండనులో గుండీలు తయారుచేసే రిచర్డ్ న్యూషామ్ 1721లోను, 1725లోను పేటెంటు పొందిన యంత్రాలలో ఈ లోపం లేదు. వాటిలో రెండు పంపులు ఉండేవి. కమ్మరి కొలిమి వద్ద జంటతిత్తుల మాదిరిగా ఒకటి లేస్తుంటే మరొకటి దిగుతుంది. రెండింటి నుంచీ వచ్చే నీరు గాలి నిండిన ఒక పాత్రలోకి పోతుంది. నీరు చేరేకొద్దీ అందులోని గాలి అణగుతుంది. రెండు తోపుల నడుమ ఆ గాలి తిరిగి వ్యాకోచించి నీటిని బయటకు నెట్టుతుంది. అందువల్ల ధార తెగదు.

బీమా కంపెనీల దళాలు

యంత్రం సరే, దానిని నడిపే మనుషులు ఎవరు? 1666 నాటి నష్టాన్ని చూసి, 1680 తరువాత లండనులో అగ్ని బీమా వ్యాపారం మొదలైంది. ఇల్లు కాలితే నష్టం చెల్లించవలసింది కంపెనీయే గనుక, మంటలార్పేందుకు కంపెనీలు స్వంత దళాలను పెట్టుకున్నాయి. థేమ్స్ నదిలో పడవలు నడిపేవారికి రంగురంగుల దుస్తులిచ్చి ఈ పనిలో చేర్చుకున్నాయి. బీమా చేసిన ఇంటి గోడకు కంపెనీ గుర్తుగల లోహపు బిళ్ళ కొట్టేవారు.

బిళ్ళ లేని ఇంటిని ఈ దళాలు కాలిపోనిచ్చేవని ఒక కథ ప్రచారంలో ఉంది. దానికి గట్టి ఆధారాలు లేవని చరిత్రకారుల మాట. పక్క ఇల్లు తమ కంపెనీదే కావచ్చు గనుక ఏ మంటనైనా ఆర్పడమే వారికి లాభం. అయినప్పటికీ ఆ దళాల లక్ష్యం ఆస్తిని కాపాడడమేగాని, ప్రాణాలను కాపాడడం కాదు.

1833లో ప్రధాన బీమా కంపెనీలు తమ దళాలను ఏకం చేశాయి. ఆ సంయుక్త దళంలో 80 మంది ఉండేవారు. ఎడింబరో నగరంలో 1824 నుంచి పురపాలక దళాన్ని నడిపిన జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ దీనికి అధిపతి అయ్యాడు. వీధిలో నిలిచి కిటికీలలోకి నీరు కొడితే లాభం లేదనీ, లోపలికి వెళ్ళి మంట మొదలును వెతికి ధార పెట్టాలనీ ఆయన నేర్పాడు. నేటికీ ప్రపంచమంతటా అగ్నిమాపక శిక్షణకు ఇది మూలసూత్రం.

మరి, పై అంతస్తులలో చిక్కుకున్న మనుషుల మాటేమిటి? ఆ పని 1836లో స్థాపించిన ఒక ధర్మసంస్థది. చందాలు వసూలు చేసి, చక్రాల నిచ్చెనలు కొని, రాత్రివేళ కూడళ్ళలో ఒక్కొక్క నిచ్చెన వద్ద ఒక్కొక్క కావలివాడిని అది నియమించింది. గిడ్డంగిలోని సరుకుకు వ్యాపార సంస్థల అండ, మనిషి ప్రాణానికి దాతల దయ — ఇదీ ఆనాటి ఏర్పాటు.

టూలీ వీధి మంట

1861 జూన్ 22న థేమ్స్ ఒడ్డున టూలీ వీధి గిడ్డంగులు అంటుకున్నాయి. వాటిలో జనుము, ప్రత్తి, పంచదార, కొవ్వు, సురేకారం నిలువచేసి ఉన్నాయి. ఒక గోడ విరిగిపడి బ్రెయిడ్‌వుడ్ మరణించాడు. మంటలు పూర్తిగా ఆరడానికి రెండు వారాలు పట్టింది. నష్టం సుమారు 20 లక్షల పౌనులు.

ఈ భారం ఇక మోయలేమని కంపెనీలు ప్రభుత్వానికి తెలియజేశాయి. ఫలితంగా 1865లో చట్టం వచ్చింది. 1866 జనవరి 1 నుంచి ప్రజల పన్నుతో నడిచే దళం ఏర్పడింది. కంపెనీలూ, ప్రభుత్వమూ కొంత ఖర్చు భరించేవి. దీనికి ఐర్ మాసీ షా అధిపతి. 1867లో ధర్మసంస్థవారి నిచ్చెనలు కూడా ఈ దళానికే వచ్చాయి. మహాగ్ని జరిగిన రెండు వందల సంవత్సరాల తరువాత, ఆస్తిరక్షణా ప్రాణరక్షణా ఒకే చేతికి వచ్చాయన్నమాట.

ఆవిరి నుంచి మోటారుకు

చేతి యంత్రాన్ని కొట్టడానికి పెద్ద యంత్రమైతే ఇరవై మందికి పైగా కావాలి. దారిన పోయేవారిని పిలిచి కూలీ, బీరు ఇచ్చి కొట్టించేవారు. 1829లోనే బ్రెయిత్‌వెయిట్, ఎరిక్‌సన్ అనే ఇంజనీర్లు ఆవిరి పంపును నిర్మించి చూపారు. అయినా దూరం నుంచి ధార కొట్టడం తన మనుషులకు అలవాటవుతుందని బ్రెయిడ్‌వుడ్ దానికి చాలాకాలం ఒప్పుకోలేదు. 1860లో గాని దళంలో నేలపై నడిచే ఆవిరి పంపు పనిచేయలేదు. షా కాలంలో అవి పెరిగాయి.

1904లో దళానికి లండను అగ్నిమాపక దళమని పేరు మారింది. ఆ ఏడే నగరపు శివారున ఉన్న ఫించ్లీకి పెట్రోలు ఇంజనుతోనే నడిచి, దానితోనే నీరు తోడే బండి వచ్చింది. దళంలో చివరి గుర్రాలు 1921లో విశ్రాంతి పొందాయి.

రెండవ ప్రపంచ యుద్ధంలో యంత్రాలున్నా చిక్కు తప్పలేదు. 1940 డిసెంబరు 29 రాత్రి బాంబులకు నీటి గొట్టాలు పగిలాయి. ఆటుపోటు తగ్గి థేమ్స్ నీరు దూరమైంది. సాయానికి వచ్చిన ఇతర ఊళ్ళ గొట్టాల మరలు ఒకదానికొకటి పట్టేవి కావు. 1941లో దేశమంతటికీ ఒకే దళం ఏర్పాటు చేయడానికి ఇటువంటి అనుభవాలే కారణం. 1948లో లండను దళం తిరిగి నగర పాలనకు వచ్చింది. యుద్ధకాలంలో లండనులో 327 మంది అగ్నిమాపకులు మరణించారు.

నేటి దళం, నేటి పాఠం

ఇప్పుడు దళానికి 102 స్టేషన్లు, ఇవి గాక నదిపై ఒక స్టేషను ఉన్నాయి. మొదటి బండి సగటున ఆరు నిమిషాలలో చేరాలన్నది నియమం. బండిలోనే నీటి తొట్టి, పంపు, గొట్టాలు, నిచ్చెన, పొగలో ఊపిరి తీసుకునే పరికరాలు ఉంటాయి. రోడ్డు ప్రమాదాలలో నుజ్జయిన కార్లను కోసి మనుషులను బయటకు తీయడం, వరదలలో ఆదుకోవడం, ఇళ్ళకు వెళ్ళి జాగ్రత్తలు చెప్పడం కూడా ఈ దళం పనులే.

ఐనా పాఠాలు పూర్తి కాలేదు. 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్ అనే 24 అంతస్తుల భవనం అంటుకుని 72 మంది మరణించారు. ఒక ఫ్లాటులోని మంట మరొకదానికి పాకదనే నమ్మకంతో, లోపలే ఉండండని నివాసులకు సుమారు రెండు గంటలు చెప్పారు. కాని గోడల వెలుపల తొడిగిన పలకల ద్వారా మంట పైకి పాకింది. ఇంకా ముందుగా ఖాళీ చేయించి ఉంటే మరికొందరు బ్రతికేవారని 2019లో విచారణ సంఘం దళాన్ని తప్పుపట్టింది. ఆనాడు దళం వద్ద ఉన్న అతి పొడవైన నిచ్చెన 32 మీటర్లు. భవనం ఎత్తు 67 మీటర్లు. 2021లో 64 మీటర్ల నిచ్చెనలు వచ్చాయి. చిక్కుకున్నవారికి తొడగడానికి పొగను ఆపే ముసుగులు కూడా బండ్లలోకి చేరాయి.

చిమ్మనగ్రోవి నుంచి 64 మీటర్ల నిచ్చెన దాకా యంత్రం ఎంతో పెరిగింది. ఐతే ఆ నిచ్చెన బీమా ఉన్నవాడికీ, లేనివాడికీ సమానంగా చేరాలని నిర్ణయించింది యంత్రం కాదు, చట్టం. నగరం ఎత్తు పెరిగిన ప్రతిసారీ ఆ నిర్ణయాన్ని నిలబెట్టుకోవడానికి పౌరులూ, పాలకులూ మళ్ళీ పూనుకోవలసి ఉంటుంది.